లచ్చయ్య పేరు కింద పట్టీ

స్టీలు బిందె గొంతు దాకా నిండగానే విజయశ్రీ పైపును ప్లాస్టిక్ బిందెలోకి మార్చి, నిండినదాన్ని మోకాలితో పక్కకు జరిపింది. నల్లా వచ్చే పొద్దున ఆ ఇంట్లో మాటలు తక్కువ. నీళ్ళు ఎప్పుడు ఆగుతాయో తెలియదు కాబట్టి బకెట్లు, గంజులు, చివరికి ఇడ్లీ గిన్నె కూడా వరుసలో నిలబడి వంతు కోసం చూస్తుంటాయి. మామూలుగా అయితే నల్లా చప్పుడు వింటే విజయశ్రీకి ప్రాణం లేచొచ్చేది. ఈ రోజు మాత్రం ఆ చప్పుడుకు గుండెలో రాయి పడింది.

ఎల్బీనగర్‌లో వాళ్ళ సందుకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నిన్న వచ్చింది కాబట్టి ఈ రోజు రాకూడదు. ఆ లెక్క చూసుకునే ఆమె ఈ రోజుకు షూటింగ్ పెట్టించింది. పది గంటలకు టీవీ వాళ్ళు వస్తున్నారు, నీళ్ళు లేక ఊరొదిలిన కుటుంబాన్ని చూపించడానికి.

"ఇయ్యాలెందుకొచ్చిందే నల్లా?" అని తల్లిని అడిగింది, నేరం ఆమెదే అయినట్టు.

"వచ్చినా తిడుతవు, రాకున్నా తిడుతవు. పైపు సక్కగ పట్టుకో," అంది అండాలమ్మ.

విజయశ్రీ దిల్‌సుఖ్‌నగర్‌లో చూపు టీవీ అనే చిన్న చానెల్లో పనిచేస్తుంది. కింది అంతస్తులో కోచింగ్ సెంటరు, మధ్యలో కళ్ళద్దాల దుకాణం, ఆ పైన చూపు టీవీ. పేరు చూసి కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి పైకి ఎక్కి వచ్చే ముసలివాళ్ళను కిందికి దింపడం కూడా ఆమె పనిలో భాగమే. అసలు పని మాత్రం తెర మీద మాటలు రాయడం. ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు వాళ్ళ పేరు, ఆ పేరు కింద వాళ్ళెవరో ఒక ముక్క కనిపిస్తుంది కదా, దాన్ని ఆఫీసులో పట్టీ అంటారు. మనిషి ఎంతసేపు మాట్లాడినా చూసేవాళ్ళకు గుర్తుండేది పట్టీయేనని ఆమె కనిపెట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె ఏదీ ఎవరికీ చెప్పదు. ఒక మూల కూర్చుని చూస్తుంది, అంతే.

ఎడిటర్ రాఘవేంద్ర ఏదో సదస్సుకు వెళ్ళొచ్చాడు. వాతావరణం మారి పల్లెలు పట్నాల మీద పడుతున్నాయని, ముందు ముందు వార్తలన్నీ అవేనని అక్కడ విన్నాడు. వచ్చిన పూటే కార్యక్రమానికి పేరు పెట్టేశాడు: వలసల వరద. ఆ ఆఫీసులో ముందు పేరు పుడుతుంది, తర్వాత డప్పుల సంగీతం పుడుతుంది, ఆ తర్వాత మనుషుల్ని వెతుకుతారు. మ్యాపు సిద్ధమైంది. దాని మీద ఎర్ర బాణాలన్నీ ఏదో సైన్యం దండెత్తి వస్తున్నట్టు హైదరాబాద్ వైపు దూసుకొస్తున్నాయి. బీటలు వారిన నేల బొమ్మ ఆఫీసు వీడియో లైబ్రరీలో ఎప్పుడూ ఉంటుంది. అది ఏ దేశపు నేలో ఎవరికీ తెలియదు గానీ, కరువు నల్లగొండలో వచ్చినా అనంతపురంలో వచ్చినా ఆ నేలే వచ్చి బీటలు చూపించి వెళ్తుంది. వానల్లేక వచ్చినవాళ్ళను వరద అంటారేమిటని విజయశ్రీకి అనిపించింది. అనిపించినదాన్ని మింగేసింది.

"ఒక్క కుటుంబం కావాలి," అన్నాడు రాఘవేంద్ర. "ఒకే కారణం, కన్నీళ్ళు, ఖాళీ బిందెలు. తెచ్చినవాళ్ళ చేతికి మైకిస్తా."

ఏడాదిగా మైకు కోసమే, అంటే రిపోర్టరు పని కోసమే, ఆమె కాచుకుని ఉంది. మర్నాడు పొద్దున్నే ఎల్బీనగర్ కూలీల అడ్డాకు పోయింది. అక్కడ మట్టయ్య అనే మేస్త్రీని పట్టుకుని, వాతావరణం వల్లే వచ్చారా అని అడిగింది. ఆయన బీడీ ఆర్పి చాలా మర్యాదగా ఆలోచించాడు. వాన పడని ఏడు వచ్చాడట. వాన ఎక్కువైన ఏడు కూడా వచ్చాడట. వాన సరిగ్గా పడిన ఏడు బావమరిది రమ్మంటే వచ్చాడట. పక్కన ఉన్నాయన బిడ్డ నర్సు చదువు కోసం వచ్చాడు. ఆ పక్కనున్న ఆడమనిషి మొగుడు తాగుతుంటే వచ్చింది, మొగుడు ఆమె వెనకాలే వచ్చాడు. ఒక్క కారణంతో వచ్చినవాడు అడ్డా మొత్తంలో ఒక్కడూ దొరకలేదు.

అప్పుడు ఆమెకు ఇల్లు గుర్తొచ్చింది.

నల్లగొండ దగ్గర వాళ్ళ ఊళ్ళో లచ్చయ్యకు బత్తాయి తోట ఉండేది. ఒక బోరు ఎండింది, మరొకటి వేస్తే అదీ ఎండింది, చెట్లు పోయాయి. ఇప్పుడు ఎల్బీనగర్ మెట్రో స్తంభం నీడన బండి మీద బత్తాయిలు అమ్ముతున్నాడు. కథ రాఘవేంద్రకు కావలసినట్టే ఉంది. చిక్కల్లా ఆ కథ విజయశ్రీ వాళ్ళ నాయనది కావడం. సొంతవాళ్ళను సాక్షులుగా తెచ్చి వేరే చానెల్ వాళ్ళు దొరికిపోయారని, చూపు టీవీలో ఎవరైనా ఆ పని చేస్తే ఇంటికి పంపుతానని రాఘవేంద్ర గోడ మీద కాగితం కూడా అంటించాడు. కాబట్టి షూటింగ్ అయ్యేదాకా ఆమె ఆ ఇంటికి ఏమీ కాదు.

అండాలమ్మ ఒక్క మాటకే ఒప్పుకుంది. టీవీలో కనపడతాననేసరికి ఆమె మొహం చింకిచేటంత అయింది. లచ్చయ్య మాత్రం సంచిలో నుంచి కాయలు తీసి, మెత్తబడ్డవాటిని వేరు చేస్తూ కూర్చున్నాడు. ఊళ్ళో బస్సెక్కిన రోజు హోటల్ దగ్గర కూర్చున్నవాళ్ళు లచ్చడు ఓడిపోయి పోతున్నాడని అన్నారు. అది ఆయన మరిచిపోలేదు. పడుచుదనం నుంచి లారీల్లో బత్తాయిలు వేసుకుని కొత్తపేట మార్కెట్‌కు వచ్చిన మనిషి. చెట్లు పోయినా కాయల దారి తెలుసు, ఆ దారినే వచ్చానని ఆయన లెక్క. ఆ మార్కెట్టు కూడా ఇప్పుడు కొత్తపేట వదిలి పెద్ద అంబర్‌పేట్ అవతలికి వెళ్ళిపోయింది. దాన్నెవరూ పాపం అనలేదు.

"మాట్లాడుత బిడ్డా," అన్నాడు చివరికి. "ఏడ్వమంటె ఏడ్వ. ఇంకోటి, నా పేరు కింద బాధితుడని గిట్ల రాయొద్దు. ఊళ్ళె హోటల్ల టీవీ ఉన్నది. అందరు చూస్తరు."

"రాయ నాయినా. రాసేదే నేను గదా," అంది విజయశ్రీ.

అంత తేలిగ్గా మాటిచ్చేసింది.

*

నిండిన బిందెలన్నీ దొంగసొమ్ము దాచినట్టు స్నానాల గదిలోకి చేర్చి, పైన దుప్పటి కప్పారు. గోడ మీద విజయశ్రీ పదో తరగతి బహుమతి ఫోటో తీసేశారు, మేకు మిగిలింది. దానికి అండాలమ్మ క్యాలెండర్ తగిలించింది. విజయశ్రీ సందు మొదటికి పోయి నిలబడి, రాఘవేంద్ర కారు రాగానే అప్పుడే వచ్చినట్టు కలిసింది. నాటకం పండాలని కిరాణా కొట్టు కోటేశ్వరమ్మ దగ్గర ఆగి, లచ్చయ్య గారి ఇల్లెక్కడండీ అని అడిగింది.

కోటేశ్వరమ్మ ఆమెను కిందికీ పైకీ చూసింది. "ఒళ్ళు బాగానే ఉందా నీకు?" అంది.

కెమెరామన్ చంటి ఆ మాట విన్నాడు. అతని కనుబొమ్మలు కొంచెం పైకి లేచాయి.

ఇంటి ముందు అండాలమ్మ పట్టుచీర కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని, పై వాటా నుంచి అడిగి తెచ్చిన కుర్చీలు వరుసగా వేసి స్వాగతం చెప్పింది. లచ్చయ్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో పెళ్ళికొడుకు తండ్రిలా ఉన్నాడు. రాఘవేంద్ర మొహం వాడిపోయింది. పాత చీర ఏదీ లేదా అని అడిగాడు. ఉన్నాయి గానీ అవి ఇంట్లో కట్టుకునేవని, నలుగురు చూసేచోట ఎట్లా కట్టుకుంటారని అండాలమ్మ ఆశ్చర్యపోయింది. చొక్కా తీసి బనీను మీద కూర్చోమంటే లచ్చయ్య విననట్టే ఉండిపోయాడు.

ఉప్మా వచ్చింది. చంటి రెండోసారి పెట్టించుకున్నాడు. అండాలమ్మ చాయ్ కలుపుతూ, కొత్తగా దొరికిన అధికారాన్ని అనుభవిస్తూ, "మేడమ్, జర ఆ చక్కెర డబ్బా అందియ్యి," అంది.

విజయశ్రీ వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి పెట్టి, పప్పు డబ్బా వెనకున్న చక్కెర డబ్బా తీసి ఇచ్చింది. చంటి ఉప్మా నమలడం ఆపాడు.

"మేడమ్‌కి మా ఆఫీసులో తన చెప్పులెక్కడున్నాయో తెలీదు. ఇక్కడ చక్కెర మాత్రం చూడకుండానే దొరికింది," అన్నాడు మెల్లగా, ఆమెకే వినపడేట్టు. ఆమె చూపు చూసి మళ్ళీ ఉప్మాలో పడ్డాడు. ఆ తర్వాత అతను ఆ ఊసెత్తలేదు గానీ, ఆ రోజంతా ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి చక్కెర మేడమ్ అన్నాడు.

కెమెరా మొదలైంది. ఊరెందుకు వదిలారమ్మా అని రాఘవేంద్ర గొంతు తడి చేసుకుని అడిగాడు.

అండాలమ్మ కూడా గొంతు సవరించుకుని, తోటికోడలితో పడక వచ్చామని చెప్పింది. అతను ఆపించి, వానల గురించి చెప్పమన్నాడు. రెండోసారి ఆమె బోర్లు ఎండిన సంగతి బాగానే మొదలుపెట్టింది. రాఘవేంద్ర కళ్ళు మెరిశాయి. ఆమె ఆగలేదు. బోర్లు ఎండాక కూడా ఊళ్ళోనే ఉన్నారట. కూలికి పోయారట, మేకల్ని సాకారట. ఇంతలో తోటికోడలు పక్కనే డాబా కట్టి, మెట్లు వీళ్ళ వాకిట్లోకి దించిందట. అప్పుడొచ్చారట.

"అమ్మా, బోర్లు ఎండిపోయాయి అన్నచోట ఆపెయ్యండి. సరిపోతుంది."

"ఆపితె ఎట్ల సార్? మెట్ల సంగతి చెప్పకుంటె మా తోటికోడలు బతికిపోతది గదా."

నీళ్ళ కోసమే కదా వచ్చింది అని అతను దారి చూపించాడు. దానికీ ఆమె తలూపింది. ఈ ఇంటికొచ్చే నల్లా నీళ్ళు కృష్ణా నీళ్ళని, తమ జిల్లా మీదుగా పైపులెక్కి వస్తాయని చెప్పి, "నీళ్ళే ముందుగాల వచ్చినయి సార్. వాటెన్క మేమొచ్చినం. వాటినేమంటరు మరి, వలసనేనా?" అని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. చంటి కెమెరా కొంచెం ఊగింది.

లచ్చయ్య దగ్గర ఇంకా కష్టమైంది. ఆయన బత్తాయిల గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. తొక్క పలచగా, బరువుగా ఉన్న కాయను అరచేతిలో పెట్టుకుని చూపించాడు. రాఘవేంద్ర వదల్లేదు. చెట్లు నరికిన రోజు మీ మనసెలా ఉంది అని అడిగాడు.

లచ్చయ్య చేతిలో కాయను రెండుసార్లు తిప్పాడు.

"ఆ దినం నేను ఊళ్ళె లేను," అన్నాడు.

విజయశ్రీ తల దించుకుంది. ఆ రోజు ఆమె అక్కడే ఉంది. ఏడో తరగతి. నాయన ఎవరినీ పిలవకుండా తనే గొడ్డలి పట్టుకుని పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నరికాడు. అన్నం తీసుకుపోతే గట్టు మీద పెట్టి పొమ్మన్నాడు. పొద్దుటి నుంచి వాళ్ళింట్లో ఆడిన నాటకమంతా ఒక ఎత్తు, నాయన నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క అబద్ధం ఒక ఎత్తు.

దీనత్వం దొరకక విసిగిపోయిన రాఘవేంద్ర చివరికి బిందెల మీద పడ్డాడు. గడప ముందు ఖాళీ బిందెలు వరుసగా పెట్టించాడు. లచ్చయ్య వాటిని దాటుకుంటూ బండి దగ్గరికి బయల్దేరాలి, ఆ వెనకే రాఘవేంద్ర వచ్చి ఒక బిందె ఎత్తి, వంచి చూపించాలి. ఆ ఏర్పాటు చూసేసరికి అండాలమ్మ నవ్వు మాయమైంది. ఇంటాయన వ్యాపారానికి బయల్దేరుతుంటే ఎదురుగా ఖాళీ బిందె ఏ ఇల్లాలైనా పెడుతుందా? ఒకటి కాదు, వరుస. పెద్దవాళ్ళు అడిగారు కాబట్టి కాదనలేదు. కాదనకుండా ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. చంటి కెమెరా అద్దం తుడుచుకుంటున్నప్పుడు, రాఘవేంద్ర దువ్వెన వెతుక్కుంటున్నప్పుడు, ఆమె స్నానాల గదిలోకి పోయి చెంబుతో నీళ్ళు మోసి వరుసలో చివరి బిందెను నింపి వచ్చింది. ఒక్కటి నిండుగా ఉంటే చాలు, దోషం పోతుంది. విజయశ్రీ చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచించింది. ఆలోచించేలోపే లచ్చయ్య గడప దాటాడు.

రాఘవేంద్ర కెమెరా ముందుకు వచ్చాడు. గొంతు బాగా కిందికి దించాడు. "ఈ బిందెలు చూడండి. ఇవి ఖాళీ బిందెలు కావు, ఖాళీ అయిన పల్లెలు. వీటిలో ఉన్నది చుక్క నీరు కాదు..." అంటూ చివరి బిందెను విసురుగా వంచాడు.

నీళ్ళు ప్యాంటు మీదుగా దిగి బూట్లలోకి పోయాయి. చంటి కెమెరా ఆపలేదు. భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. అండాలమ్మ పరుగున వచ్చి, అంతకన్నా మంచి శకునం లేదని, సార్‌కు ఈ ఏడు ప్రమోషన్ తప్పదని అభయమిచ్చింది.

*

ఇంటి ఓనరు రామమోహనరావు పొద్దుటి నుంచి మెట్ల మీద, కోటు వేసుకుని, తనను ఎవరైనా అడుగుతారేమోనని నిలబడి ఉన్నాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. విజయశ్రీ తమ బిడ్డని టీవీ వాళ్ళ ముందు అనొద్దని, కుర్చీలు అడిగినప్పుడే అండాలమ్మ ఆయనకు చెప్పి ఉంచింది. నగరం వైపు నుంచి కూడా ఒక గొంతు ఉండాలి కాబట్టి రాఘవేంద్ర తడి బూట్లతోనే పైకెక్కాడు. ఆయన సిద్ధం చేసుకున్నదంతా అప్పజెప్పాడు. నగరం ఎంతమందిని మోస్తుందని, ట్రాఫిక్ చూడండని, వచ్చేవాళ్ళకు ఒక హద్దూ అదుపూ ఉండాలని.

బాగా వచ్చిందని రాఘవేంద్ర కిందికి దిగాడు. చంటి వైర్లు చుడుతున్నాడు గానీ కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. విజయశ్రీ చాలా వినయంగా, మీరెప్పుడొచ్చారంకుల్ ఇక్కడికి అని అడిగింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు మొదలుపెట్టాడు. తుఫాను రాత్రి సముద్రం ఊళ్ళోకి వచ్చిందట. నీళ్ళు తీశాక చేలన్నీ ఉప్పు తేలి తెల్లగా మెరిశాయట. ఏళ్ళ తరబడి గింజ మొలవలేదట. నాన్నగారు పొలం వచ్చినకాడికి అమ్ముకుని, పెట్టె బేడా సర్దుకుని, రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ లేని ఈ చోటికి రైలెక్కి వచ్చారట.

"మరి మీరూ వలస వచ్చారన్నమాట," అంది విజయశ్రీ.

"అబ్బే, వలసేంటమ్మా. మేం సెటిలయ్యాం," అన్నాడాయన, పిల్ల తెలియక అన్నదని క్షమిస్తూ.

*

ఆఫీసులో రాఘవేంద్ర ఆరిన బూట్లతో, ఆరని కోపంతో కూర్చుని కార్యక్రమం కూర్చాడు. బిందె విషయం అప్పటికే కింద కళ్ళద్దాల దుకాణం దాకా పాకింది. అండాలమ్మ మాటల్లో బోర్లు ఎండాయన్న ముక్క ఉంచి, తోటికోడల్ని తీసేశాడు. లైబ్రరీ నుంచి బీటల నేల వచ్చి కూర్చుంది. మిగతా అతుకులు విజయశ్రీని చూడమన్నాడు. ఆమె వెనకాల నిలబడి పట్టీలు మాత్రం తనే చెప్పాడు.

"లచ్చయ్య కింద వాతావరణ వలస బాధితుడు. ఆ ఓనరు కింద సీనియర్ సిటిజన్. కొట్టు."

ఆమె కొట్టింది. అక్షరాలు తెర మీద ఎర్రగా వచ్చి నిలబడ్డాయి. బాగుంది అని అతను మేకప్‌కు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, ఇది బాగా పోతే మైకు నీదేనని గుర్తు చేశాడు.

విజయశ్రీ కాసేపు ఆ పట్టీనే చూస్తూ కూర్చుంది. పైన నాయన తెల్లచొక్కా, చేతిలో కాయ. కింద ఆ మాట. ఊళ్ళో హోటల్లో గ్లాసులు పట్టుకుని తలలెత్తి చూసే మొహాలు ఒక్కొక్కటీ ఆమెకు కనిపించాయి.

ముందు, ఆ దినం ఊళ్ళో లేనన్న ముక్కను తీసేసింది. అబద్ధమని కాదు. అది నాయన తన కోసం తను దాచుకున్న మాట, ఊరికి చూపించేది కాదు. తర్వాత పట్టీ మీదికి వచ్చి వాతావరణ వలస బాధితుడు అన్నదాన్ని కత్తిరించి, అక్కడ బత్తాయి రైతు అని కొట్టింది.

కత్తిరించిన మాట ఇంకా కంప్యూటర్ కడుపులోనే ఉంది. దానికి మాత్రం ఒక చోటు వద్దా? ఆమె ముందుకు పోయి, రామమోహనరావు తుఫాను కథ చెప్పిన ముక్కను ఆయన ట్రాఫిక్ ముక్క పక్కన చేర్చింది. ఆయన పేరు కింద సీనియర్ సిటిజన్‌ను చెరిపి, దిక్కులేని ఆ మాటను తెచ్చి అక్కడ దింపింది. సరిగ్గా సరిపోయింది. ఒక్క అక్షరం కూడా బయటికి పోలేదు.

వెనక నుంచి చంటి చూశాడు. "చక్కెర మేడమ్, పోతావ్," అన్నాడు. మళ్ళీ తనే పోయి మేకప్ గది తలుపు దగ్గరగా వేసొచ్చాడు.

*

ఇంటికి వచ్చేసరికి ఏడు కావస్తోంది. రాఘవేంద్ర చివరి నిమిషంలో పట్టీలు చూసుకుంటాడా, చూసి మారుస్తాడా, దారంతా మెట్రోలో ఆమెకు అదే ఆలోచన. మారిస్తే మైకు వస్తుంది, నాయన మాట పోతుంది. మార్చకపోతే మైకు పోతుంది, ఓనరు కోపానికి ఇల్లు కూడా పోవచ్చు. మూడూ ఒకేసారి మిగిలే దారి ఆమెకు తోచలేదు.

గుమ్మంలో అడుగు పెట్టి కొయ్యబారిపోయింది. రామమోహనరావు, ఆయన భార్య లలితకుమారి తమ కుర్చీలు తామే మోసుకొచ్చి టీవీ ముందు కూర్చుని ఉన్నారు. పై వాటాలో కేబుల్ రావడం లేదట, పైగా ఈ రోజే రావడం లేదట. అండాలమ్మ అందరికీ బత్తాయి రసం ఇస్తోంది. లచ్చయ్య బనీను మీద, గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

డప్పులు మోగాయి. ఎర్ర బాణాలు దూసుకొచ్చాయి. బీటల నేల వచ్చింది. ఇదెక్కడో అండాలమ్మ గుర్తుపట్టడానికి ప్రయత్నించి, తమ ఊరైతే కాదని తేల్చింది. తర్వాత ఆమే వచ్చింది, తోటికోడలు లేకుండా. అన్యాయమని గొణిగింది.

లచ్చయ్య వచ్చాడు. పట్టీ ఎడమ వైపు నుంచి జారుతూ వచ్చి ఆయన చొక్కా గుండీల కింద నిలబడింది.

లచ్చయ్య, బత్తాయి రైతు.

ఆమె నాయన వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు, సమయమూ లేదు. ఎందుకంటే వెంటనే కోటు వేసుకున్న రామమోహనరావు తెర నిండా వచ్చాడు, ఉప్పు తేలిన చేల గురించి చెబుతూ. ఆయన పేరు కింద ఎర్రటి అక్షరాలు నింపాదిగా వచ్చి కూర్చున్నాయి.

గదిలో బత్తాయి రసం గుటక ఒకటి వినిపించి ఆగింది.

"బాధితుడేంటి?" అన్నాడు రామమోహనరావు. "వలసేంటి? నన్నా?"

లలితకుమారి గ్లాసు కింద పెట్టింది. "మామయ్యగారు ఆ చేను తలుచుకుని అన్నం దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు కాదూ? బస్సెక్కొస్తే వలసా, రైలెక్కొస్తే సెటిలా?" అంది. అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగే రకం కాదు.

ఆయన విజయశ్రీ వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. అంతలో ఆయన ఫోన్ మోగింది. వనస్థలిపురం నుంచి పెదనాన్న కొడుకు భానుమూర్తి. మన వాళ్ళ కష్టం ఇన్నాళ్ళకు ఒకరు టీవీలో చెప్పారని, పెద్దాయన గుర్తొచ్చి ఇంట్లో అందరికీ ఏడుపొచ్చిందని ఆయన అటు నుంచి గట్టిగా చెప్పడం అందరికీ వినిపించింది. అది పెట్టగానే ఇంకొకటి మోగింది. మూడో ఫోన్‌కు రామమోహనరావు గొంతు మారింది. నాలుగోదానికి సముద్రం ఒక మైలు ఎక్కువ లోపలికి వచ్చింది. ఆయన మాట్లాడుతూనే కుర్చీ చంకన పెట్టుకుని మెట్లెక్కాడు, నవ్వుతున్న భార్య వెనకాల.

ఇక మోగాల్సింది విజయశ్రీ ఫోన్. మోగింది.

ఆ పట్టీ ఎవరు వేశారని రాఘవేంద్ర అరిచాడు. ఆమె తనేనంది. అతని వెనకాల ఇంకా ఏవో ఫోన్లు మోగుతున్న చప్పుడు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు సగం మంది తిడుతున్నారని, సగం మంది తమ తాతల కథలు చెబుతున్నారని, కార్యక్రమం ఇంతగా ఎప్పుడూ పోలేదని అతను ఒప్పుకోలేక ఒప్పుకున్నాడు. ఎనిమిదింటికి మళ్ళీ వేస్తున్నారు. వచ్చే వారం రెండో భాగం.

"రేపట్నుంచి మైకు పట్టుకో," అన్నాడు. "పట్టీలు మాత్రం ఇక నేనే చూస్తా. అన్నట్టు ఆ లచ్చయ్య ఫోన్ నంబరుందా నీ దగ్గర?"

"వెతుకుత సార్," అంది విజయశ్రీ.

ఫోన్ పెట్టి తిరిగి చూసింది. గోడ దగ్గర నాయన లేడు. లోపల గదిలో పెట్టె మూత చప్పుడైంది. అండాలమ్మ సైగ చేసింది, మాట్లాడకు అని. తోట లేని మనిషిని ఊరందరి ముందు రైతును చేశానే అనుకుంది విజయశ్రీ. అది ఆయనకు గుచ్చుకుందేమో. వ్యాపారి అని రాసినా సరిపోయేదేమో.

లచ్చయ్య పెట్టెలోని కొత్త పంచె కట్టుకుని బయటికి వచ్చాడు. దండెం మీద నుంచి పొద్దుటి తెల్లచొక్కా తీశాడు. ముడతలు అరచేత్తో సాపు చేసి తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకున్నాడు. అద్దం ముందు నిలబడి తడి చేత్తో జుట్టు దువ్వుకున్నాడు. బుట్టలో నుంచి ఒక కాయ ఏరుకున్నాడు, పలచటి తొక్కది, టీవీలో పట్టుకున్నదానిలాంటిది. సందు చివర చాయ్ హోటల్లో టీవీ ఎప్పుడూ వార్తల మీదే ఉంటుంది. గోడ గడియారం ఎనిమిదికి దగ్గర పడుతోంది.

అండాలమ్మ గబగబా స్నానాల గదిలోకి పోయి, ఒక నిండు బిందె చంకనెత్తుకుని వాకిట్లో ఎదురుగా వచ్చి నిలబడింది.

లచ్చయ్య ఆమె పక్క నుంచి, కాయను అరచేతిలో ఎగరేసి పట్టుకుంటూ, గడప దాటి వెళ్ళిపోయాడు.